తీగ ఏ దారిన వచ్చింది?



కోనసీమలోని సఖినేటిపల్లి మండలంలో మోరి అని ఒక ఊరుంది. జీడిపప్పుకి పేరున్న ఊరు. 2016 డిసెంబరు 29న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ ఊరొచ్చి ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ప్రారంభించారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆచార్య సాలమన్ డార్విన్ చొరవతో మోరినీ, పక్కనున్న మోరిపోడునూ స్మార్ట్ విలేజ్ నమూనాగా ఎంచుకున్నారు. అప్పట్లో ఎవరిని కదిపినా మాటంతా వేగం గురించీ, నెలకెంత కట్టాలన్నదాని గురించీ. తీగ మోరి దాకా ఏ దారిన వచ్చింది, మధ్యలో ఎక్కడ తెగితే ఎన్ని ఇళ్లకు ఆగిపోతుంది అనే ప్రశ్న ప్రారంభోత్సవాల్లో ఎవరూ వెయ్యరు. ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే.

కంప్యూటర్లను ఒకదానితో ఒకటి ఏ ఆకారంలో కలుపుతామో దాన్ని టోపాలజీ అంటారు. పాఠ్యపుస్తకంలో దీనికి ఒక పేజీ కేటాయిస్తారు. బస్, స్టార్, రింగ్, ట్రీ, మెష్ అని అయిదు బొమ్మలు, ఒక్కోదాని కింద మూడు లాభాలు, మూడు నష్టాలు. డిప్లొమా పిల్లలు బట్టీపట్టి పరీక్షలో దింపేస్తారు, మార్కులూ పడతాయి. నా గొడవ ఆ బొమ్మలతోనే. కాగితం మీద గీత తెగదు. కోనసీమలో తీగ తెగుతుంది. కొబ్బరిచెట్టు పడి తెగుతుంది, రోడ్డు పక్కన జేసీబీ తవ్వితే తెగుతుంది, ఇసుక లారీ తగిలి తెగుతుంది. అందుకని ఏ డిజైన్ వచ్చినా రెండు ప్రశ్నలు అడుగుదాం. ఒకచోట తెగితే ఎందరికి ఆగుతుంది? తెగిన చోటు ఎంతసేపట్లో దొరుకుతుంది?

మొదట బస్. 1973లో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇద్దరు ఈథర్‌నెట్ తయారుచేశారు. భవనం పొడుగునా ఒకటే కేబుల్ పరిచి, ఎవరికి కావలసిన చోట వాళ్లు కంప్యూటర్ తగిలించుకోవడం దాని పద్ధతి. తర్వాత అది ప్రమాణంగా స్థిరపడ్డాక లావు కేబుల్ ఒక్కో ముక్క 500 మీటర్ల దాకా, సన్న కేబుల్ 185 మీటర్ల దాకా పోయేది. ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరి మాటా చెడిపోతుంది, కాసేపు ఆగి మళ్లీ చెప్పాలి. చాలా చౌక. అయితే ఆ కేబుల్ రెండు కొసల్లోనూ టెర్మినేటర్ అని 50 ఓముల చిన్న మూత బిగించి ఉండాలి. అది ఊడిందా, సంకేతం కొస దాకా వెళ్లి వెనక్కి తన్ని లైనంతా పాడుచేస్తుంది. 1990లలో సన్న కేబుల్ మీద నడిచిన కంప్యూటర్ ల్యాబ్‌లలో ఎవరి కాలైనా తగిలి ఒక కనెక్టర్ కదిలితే చాలు, ఆ వరుస మొత్తం ఆగేది. ఎక్కడ కదిలిందో చెప్పే దీపమేదీ ఉండదు. మాస్టారు ఒక్కో బల్ల కిందా దూరి చూసుకోవాల్సిందే.

తొలిరోజుల కేబుల్ టీవీదీ ఇదే జాతి. డిష్ దగ్గర బయల్దేరిన ఒక్క కోయాక్సియల్ కేబుల్, దారిలో యాంప్లిఫయర్లు, వాటి నుంచి వీధులకు కొమ్మలు. పైవీధిలో యాంప్లిఫయర్‌కి కరెంటు పోతే కింది వీధుల్లో సినిమా ఆగిపోయేది. చివరింట్లో బొమ్మ చుక్కలు చుక్కలుగా వచ్చేది, డబ్బు మాత్రం అందరితో పాటే కట్టాలి.

1990లో స్టార్ పద్ధతికి ఈథర్‌నెట్ ప్రమాణం ఖాయమైంది. టెలిఫోన్ తీగలాగా మెలివేసిన రాగి తీగ ఒక్కో కంప్యూటర్ నుంచి నేరుగా మధ్యలో ఉన్న పెట్టెకు వస్తుంది, గరిష్ఠంగా 100 మీటర్లు. తీగ బోలెడంత పడుతుంది. దానికి ప్రతిఫలంగా ఒక తీగ తెగితే ఒక్క కంప్యూటరే ఆగుతుంది, పెట్టె మీద ఆ గడి దీపం ఆరిపోయి ఏది తెగిందో చెప్పేస్తుంది. నడుమ పెట్టె చచ్చిపోతే అందరికీ ఆగుతుందని పుస్తకం నష్టాల జాబితాలో రాస్తుంది. నిజమే. కానీ ఆ పెట్టె కళ్లెదుట గోడకు ఉంటుంది, కొత్తది తెచ్చి మార్చుకోవచ్చు. బడైనా, సచివాలయమైనా, ఆస్పత్రైనా, ఒక్క భవనం వరకూ స్టార్‌ను మించింది లేదు. దీని మీద ఇక చర్చ అనవసరం.

ఒక తమాషా మాత్రం చెప్పాలి. ఆ నడుమ పెట్టె పాతకాలపు హబ్ అయితే, తీగలు స్టార్‌లా కనిపించినా లోపల జరిగేది బస్ వ్యవహారమే. ఒకరి మాట అందరికీ పోతుంది. స్విచ్ వచ్చాకే ఎవరి మాట వాళ్లకు చేరడం మొదలైంది. ఐబీఎం 1985లో తెచ్చిన టోకెన్ రింగ్ ఇంకా విచిత్రం. పేరు రింగ్, టోకెన్ ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారుతుంది, తీగలు చూస్తే స్టార్! కంటికి కనిపించే ఆకారం వేరు, లోపల మాట నడిచే ఆకారం వేరు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మన ఊరి స్తంభాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మెష్ అంటే అందరికీ అందరితో నేరుగా తీగ. అయిదు చోట్లను అలా కలపాలంటే పది తీగలు చాలు. ఇరవై చోట్లకు 190, వంద చోట్లకు 4,950. ఇంత సొమ్ము ఏ పంచాయతీ దగ్గరా లేదు, ఏ కంపెనీ దగ్గరా లేదు. అసలంత అక్కర్లేదని 1964లోనే పాల్ బారన్ లెక్కగట్టాడు. అణుబాంబులు పడినా సమాచారం ఆగకుండా ఉండాలంటే ఏ ఆకారం కావాలన్నది ర్యాండ్ సంస్థలో ఆయన ముందున్న సమస్య. వలలో ఒక్కో కూడలికి మూడు నాలుగు దారులుంటే, సగం కూడలులు పోయినా మిగిలినవి ఒకదాన్నొకటి చేరుకోగలవని తేల్చాడు. నగరాల మధ్య, దేశాల మధ్య ఇంటర్నెట్ నడుస్తున్నది ఇలాంటి అరకొర మెష్ మీదనే. పల్లె దాకా అది రాదు. పల్లెకు వచ్చేది ట్రీ, అంటే కొమ్మలేసిన చెట్టు.

ట్రీ ఎలా పనిచేస్తుందో గోదావరి డెల్టా రైతుకు నేను చెప్పేదేముంది? ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వేరు. అక్కణ్నుంచి మధ్య డెల్టా కాలువ, లొల్ల లాకుల దగ్గర చీలిక, ఆపైన పిల్లకాలువలు, చివరికి చేలోకి బోదె. గోదావరి పాయలైన వశిష్ఠకూ వైనతేయకూ మధ్యనున్న మన రాజోలు వైపు ఇంకొక మెలిక ఉంది. కాలువ నీళ్లు రావాలంటే వైనతేయను దాటాలి. అందుకే గన్నవరం దగ్గర నది మీద 49 కమానులతో అక్విడెక్టు కట్టారు. తర్వాత కాలంలో దాని పక్కనే కొత్తది కట్టి, ఆ ఊళ్లో అన్నం పెట్టి పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ ఒక్క మెడ లాంటి చోట అడ్డంకి వస్తే దాని కిందున్న ప్రతి బోదె ఎండుతుంది. బోదె తెగితే ఒక రైతుకు నష్టం, పిల్లకాలువ తెగితే ఒక ఊరికి, అక్విడెక్టు ఆగితే ప్రాంతానికంతటికీ. ట్రీలో వేరుకు దగ్గరయ్యేకొద్దీ దెబ్బ పెద్దది.

మీ ఇంటికొచ్చే ఫైబర్ అచ్చం ఇలాగే వస్తుంది. ఆపరేటర్ గదిలోనో సబ్‌స్టేషన్‌లోనో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని నుంచి ఒక గాజు పోగు బయల్దేరుతుంది. వీధి మొదట్లో స్తంభానికి స్ప్లిటర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. అది ఆ ఒక్క వెలుగునూ 32 పాయలుగానో 64 పాయలుగానో చీలుస్తుంది. జీపాన్ అనే ప్రమాణంలో కిందికి వచ్చే వేగం మొత్తం 2.488 గిగాబిట్లు. 32 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా వాడితే ఇంటికి 78 మెగాబిట్ల దాకా వస్తుంది. శివారు చేలకు నీళ్లందనట్టు శివారు ఇంటికి వేగం తగ్గుతుందనుకుంటారు కొందరు. అది తప్పు. చీలికలెన్ని అన్నదే లెక్క, దూరం కాదు. 20 కిలోమీటర్ల దాకా వెలుగు బాగానే పోతుంది. చీల్చిన ప్రతిసారీ వెలుగు సగమవుతుంది, 32 పాయలంటే అయిదుసార్లు సగం. దీనికి తోడు అతుకు సరిగా వెయ్యకపోతే ఇంట్లో పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతుంది.

ఒకే పోగు మీద కిందికొచ్చే సమాచారం అందరిళ్లకూ చేరుతుంది, కానీ ఎవరిది వాళ్ల తాళంతోనే తెరుచుకుంటుంది. పైకి పంపేటప్పుడు అలా కుదరదు. అన్ని ఇళ్ల వెలుగులూ ఒకేసారి పోగులో పడితే కలగాపులగం అవుతుంది. అందుకని ఓఎల్‌టీ ఇల్లిల్లుకూ సమయం కేటాయిస్తుంది. దాళ్వాకు నీళ్లు తక్కువైన ఏడు వంతులవారీగా వదిలినట్టు, మీ వంతు రాగానే మీ పెట్టె మాట్లాడుతుంది. ఆ వంతులు కన్నుమూసి తెరిచేలోగా వందలసార్లు తిరిగొస్తాయి గనక మనకు తెలియదు.

అయితే కాలువకూ గాజు పోగుకూ ఒక తేడా ఉంది. నీళ్లు పల్లానికే పోతాయి. ధవళేశ్వరం నుంచి అంతర్వేదికి వస్తాయి తప్ప, అంతర్వేది నుంచి వెనక్కి మళ్లించి పై ఊళ్లకు అందించలేం. వెలుగుకు పల్లం, మెరక లేవు. కాబట్టి చివరి కొసను తెచ్చి మళ్లీ వేరుకు కలిపేస్తే, ఒక పక్క తెగినప్పుడు రెండో పక్క నుంచి తిప్పి పంపొచ్చు. అదే రింగ్. టెలిఫోన్ కంపెనీల పెద్ద రింగ్‌లలో తెగిన సంగతి పసిగట్టి దారి మళ్లించడానికి పట్టే సమయం సెకనులో ఇరవయ్యో వంతు. ఫోన్‌లో మాట్లాడేవాళ్లకు మాట మింగినట్టు కూడా ఉండదు.

ఈ రింగ్ గొడవ ఎంత ఖరీదైనదో భారత్‌నెట్‌ను చూస్తే తెలుస్తుంది. దేశంలోని గ్రామ పంచాయతీలకు ఫైబర్ వెయ్యాలని కేంద్రం 2011 అక్టోబరులో నిర్ణయించింది. బ్లాకు నుంచి పంచాయతీల వరకూ అప్పటికే ఉన్న పాత ఫైబర్‌కు కొత్త ముక్కలు అతికి, కొమ్మలుగా లాగుకుంటూ పోయారు. కాగితం మీద అది అతి తక్కువ తీగతో అయ్యే పని. వేశాక ఏమైందంటే, మొదటి పంచాయతీకి ముందు తెగితే ఆ వరుసలో ఉన్న పంచాయతీలన్నీ పడిపోయేవి. పరికరాలు బాగానే ఉన్నా కనెక్షన్ ఉండదు. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్ల రూపాయలతో అనుమతిచ్చింది. అందులో ముఖ్యమైన మార్పు, 2 లక్షల 64 వేల పంచాయతీలను రింగ్‌లుగా కలపడం. మొదటే తీగ కొంచెం ఎక్కువ వేసి చుట్టు కలిపి ఉంటే ఎంత మిగిలేదో నాకు తెలిసిన లెక్క లేదు గానీ, చౌకగా వేసిన గీతకు తర్వాత ఎక్కువ ఖర్చుపెట్టాల్సి వచ్చిందని చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో పోలేదు. భూమి తవ్వడం మానేసి కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగింది. లోహం లేని 24 పోగుల కేబుల్ కాబట్టి కరెంటు తీగల పక్కన వేలాడదీసినా ఫర్వాలేదు. తొలి దశలో దాదాపు 23,800 కిలోమీటర్లు, సుమారు 333 కోట్ల రూపాయల్లో అయిపోయింది. సబ్‌స్టేషన్లే కూడళ్లు, నిఘా కేంద్రం విశాఖపట్నంలో, ఇంటి దాకా తీగ వేసే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ అనేసరికి జనం ఎగబడ్డారు. డబ్బు లేని రాష్ట్రం చేసిన తెలివైన పని అది, అందులో సందేహం లేదు.

ఇక్కడే స్తంభాల సంగతి. ఇందాక చెప్పానే, కంటికి కనిపించే ఆకారం, లోపలి ఆకారం వేరని. మ్యాప్ మీద రెండు సబ్‌స్టేషన్లను రెండు గీతలతో కలిపి రింగ్ అని రాసుకోవచ్చు. ఆ రెండు గీతలూ ఒకే స్తంభాల వరుస మీద, ఒక్కోసారి ఒకే కేబుల్‌లోని రెండు పోగుల్లో పోతుంటే, అది రింగ్ కాదు. ఒక్క చెట్టు పడితే రెండు చేతులూ విరుగుతాయి. అందుకని ఎవరైనా మాది రింగ్ అంటే, రెండో దారి ఏ రోడ్డు వెంబడి వస్తోందో అడగాలి. వైనతేయను ఎక్కడ దాటుతోంది, వశిష్ఠను ఎక్కడ దాటుతోంది అని అడగాలి. దీవిలాంటి చోట దాటే తావులు నాలుగైదుకు మించి ఉండవు కాబట్టి, జవాబు తేలిగ్గానే తేలుతుంది.

రింగ్ తట్టుకునేది ఒక్క తెగుడునే. రెండుచోట్ల తెగితే ఆ రెంటి మధ్యనున్న ఊళ్లు విడిపోతాయి. జేసీబీ వచ్చేది ఒకచోటికి, తుపాను వచ్చేది ఊరంతటికీ. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకూలాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను మనకు ఎదురుగా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అలాంటి రాత్రి స్తంభాల మీది రింగ్ ఎన్ని ముక్కలవుతుందో ఎవరు చెప్పగలరు? మామూలు రోజులకు రింగ్ మంచిదే. తుపాను రోజుకు కావలసింది ఇంకొక ఆకారం కాదు, ఇంకొక మాధ్యమం. మైక్రోవేవ్, ఉపగ్రహం, లేకపోతే పోలీసుల దగ్గరుండే వైర్‌లెస్. చివరికి మీరు ఇప్పుడు వింటున్న రేడియో కూడా.

నదిని దాటే విషయంలో ఇంకో దారి కూడా ఉంది. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం కళ్లెదుటే కనిపిస్తుంది. బండితో పోవాలంటే పంటు ఎక్కాలి, లేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. తీగకూ అదే అవస్థ. ఆఫ్రికాలో కాంగో నది రెండు ఒడ్డుల మీదా బ్రాజవిల్, కిన్షాసా అని రెండు రాజధానులున్నాయి. ఎదురెదురుగానే ఉన్నా కేబుల్ మాత్రం 400 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరిగి రావాలి. 2021లో గూగుల్ సోదర సంస్థ ఎక్స్ వాళ్లు తారా అనే ప్రాజెక్టు కింద రెండు ఒడ్డుల మీదా చిన్న పెట్టెలు బిగించి, 4.8 కిలోమీటర్ల దూరం గాలిలోంచి కాంతి కిరణంతో కలిపారు. ఈ కాంతి కిరణాల విద్య గురించి 2017 డిసెంబరులో ఆ సంస్థ ముందుగా ఒప్పందం చేసుకున్నది మన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌తోనే, 2,000 లింకుల కోసం. ఎదురుగా మంచు కమ్మితే కిరణం సన్నగిల్లుతుంది, అది దాని లోపం. కానీ ఆ దారి స్తంభాల దారికి పూర్తిగా వేరు. రింగ్‌లో రెండో చేయి అలా ఉండాలి.

ఇంట్లోనో బడిలోనో రింగ్ కట్టాలని సరదాపడకండి. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌కి గుచ్చి చూడండి, మామూలు స్విచ్ అయితే నిమిషంలో ల్యాబ్ మొత్తం స్తంభిస్తుంది. ఒకరి మాట రింగ్‌లో పడి ఆగకుండా తిరుగుతూ లక్షలు లక్షలుగా పెరుగుతుంది. దీనికి 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరమ్మ విరుగుడు కనిపెట్టింది. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, రింగ్‌లో ఒక లింకును కావాలని మూసి ఉంచుతాయి, వేరేది తెగినప్పుడే తెరుస్తాయి. అంటే పైకి రింగ్, లోపల ట్రీ. మళ్లీ అదే కథ.

ఆకారం ఎంత గట్టిదైనా చెయ్యలేనిది ఒకటుంది. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలు జరిగాక, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. తీగ ఎక్కడా తెగలేదు, టవర్ ఏదీ కూలలేదు. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు సిగ్నల్ కోసం జిల్లా దాటి వెళ్లాల్సి వచ్చింది. బారన్ గీసిన వలకు నడుమ పెత్తనం లేదు. మన వలకు ఉంది. ఉండాలా వద్దా అన్నది ఇంజనీరు తేల్చే విషయం కాదు, పౌరులు మాట్లాడుకోవాల్సింది.

చివరగా కరెంటు. వీధి స్తంభం మీది స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అది ఈ పద్ధతిలో గొప్ప సుగుణం. కానీ అటు ఓఎల్‌టీకి, ఇటు మీ ఇంట్లో పెట్టెకు కావాలి. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజ్ నుంచే తీగలో 48 వోల్టులు వచ్చేవి, ఇంట్లో దీపాలు ఆరినా ఫోన్ మోగేది. ఫైబర్‌లో అలా రాదు. కాబట్టి సచివాలయంలోనో, ఆరోగ్య ఉపకేంద్రంలోనో, తుపాను షెల్టర్‌లోనో కనెక్షన్ పెట్టించేవాళ్లు ఆ పెట్టెకూ, పక్కనున్న స్విచ్‌కీ కలిపి చిన్న బ్యాటరీ ఒకటి పెట్టించండి. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీకి ఎన్ని గంటల బ్యాకప్ ఉందో కూడా అడిగి రాసుకోండి.